పిల్లల తుమ్ములకు ఏడాది పొడవునా దారి కాయడం: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకు ఒక మార్గదర్శి

మా అబ్బాయికి అయిదేళ్లప్పుడు అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి తోసుకునే అలవాటు మొదలైంది. నిద్ర లేవగానే వరసగా ఎనిమిది, పది తుమ్ములు. ఆపైన నీళ్లలా కారే ముక్కు, వెంటనే ఆ అరచెయ్యి. ఏడాది తిరిగేసరికి ముక్కు కొనకు కాస్త పైన, అడ్డంగా ఒక సన్నని గీత పడింది. మరక అనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. అలర్జీ ఉన్న పిల్లలు ముక్కును అలా పదేపదే తోసుకోవడం వల్ల చర్మం మడతపడి ఏర్పడే గీత అదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ‘మాటిమాటికీ జలుబు’ అనుకుంటూ ఒక్క ఏడాదిలో నాలుగు సార్లు యాంటీబయాటిక్ తాగించేశాం.

ఈ అయిదారేళ్లలో నాకు బోధపడింది ఒక్కటే. తుమ్ములు మొదలయ్యాక మందుల షాపుకు పరుగెత్తడం కాదు, అవి ఏ నెలలో, ఏ గదిలో, దేని వల్ల వస్తున్నాయో కనిపెట్టి ముందే దారి కాయాలి. ఆ పని ఎలా చేయాలో మెట్టు మెట్టుగా రాస్తున్నాను. మందుల విషయంలో తుది మాట మీ పిల్లల వైద్యులదే. ఆ వైద్యుల ముందుకు ఏ వివరాలతో వెళ్లాలో మాత్రం మన చేతిలోనే ఉంటుంది.

మొదటి మెట్టు: జలుబా, అలర్జీయా తేల్చుకోండి

వైరస్ వల్ల వచ్చే జలుబుకు ఒక నడక ఉంటుంది. గొంతు నొప్పి, ఒళ్లు వెచ్చబడటం, ముక్కు కారడం, మూడు నాలుగు రోజులకు చీమిడి చిక్కబడటం, వారం పది రోజుల్లో తగ్గిపోవడం. అలర్జీకి ఈ నడక ఉండదు. జ్వరం రాదు. చీమిడి పలచగా నీళ్లలా ఉంటుంది. ముక్కు, కళ్లు, అంగిలి దురద పెడతాయి. ఈ దురదే అసలు గుర్తు. జలుబు చేసిన పిల్లవాడు ముక్కు చీదుతాడు, అలర్జీ ఉన్నవాడు ముక్కు నలుపుకుంటాడు.

కళ్ల కింద నల్లని నీడలు, నోరు తెరుచుకుని నిద్రపోవడం, గురక, పొద్దున్నే ఎక్కువై మధ్యాహ్నానికి సర్దుకోవడం కూడా అలర్జీ వైపే వేలు చూపుతాయి. తల్లికో తండ్రికో ఉబ్బసం, గజ్జిలాంటి చర్మపు దురదలు, తుమ్ముల బాధ ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. చీమిడి పచ్చబడినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరం లేదు, మామూలు జలుబులోనూ అది పచ్చబడుతుంది. పది రోజులు దాటినా ఏ మాత్రం తగ్గకపోయినా, తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెట్టినా అప్పుడు వైద్యులకు చూపించాలి. రెండోది, ఒక్క ముక్కురంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే అది అలర్జీ కాదు. పల్లీ గింజో, పూసో, పెన్సిల్ రబ్బరు ముక్కో లోపల ఇరుక్కుని ఉండవచ్చు. ఇంట్లో తీయబోకండి, చెవి ముక్కు గొంతు వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

రెండేళ్లు నిండని పిల్లల్లో పుప్పొడి అలర్జీ అరుదు. ఒంటికి ఆ పుప్పొడి ఒకటి రెండు ఋతువుల పాటు తగిలితే గానీ అలర్జీ తయారు కాదు. చంటిబిడ్డ ముక్కు దిబ్బడ చాలావరకు జలుబే అవుతుంది.

రెండో మెట్టు: నాలుగు వారాల నోటుపుస్తకం

పది రూపాయల నోటుపుస్తకం ఒకటి మంచం పక్కన పెట్టుకోండి. రోజుకు మూడు వాక్యాలు చాలు: ఎన్ని తుమ్ములు, రాత్రి నిద్ర ఎలా పట్టింది, ఆ రోజు ఎక్కడ తిరిగాడు లేదా ఇంట్లో ఏం పని జరిగింది. మా పుస్తకంలోని కొన్ని పద్దులు ఇవి.

‘శనివారం. అటక మీది ట్రంకు పెట్టె దించాం. అరగంటలో తుమ్ములు మొదలు, లెక్క తప్పిపోయింది.’

‘బుధవారం. గుంటూరులో అమ్మమ్మ గారింట్లో పడుకున్నాడు. పాత దూది పరుపు. పొద్దునకు కళ్లు ఉబ్బాయి.’

‘ఆది, సోమ. సూర్యలంక వెళ్లాం. సముద్రం ఒడ్డున రెండు రోజులూ ఒక్క తుమ్ము లేదు.’

మూడో వారానికి విషయం తేటపడింది. మేము బయటి దుమ్మును తిట్టుకుంటున్నాం గానీ, మా వాడి శత్రువు ఎక్కువగా ఇంట్లోనే, అదీ పరుపులోనే ఉంది.

ఆ పుస్తకం చూసి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలగాలి. వారంలో నాలుగు రోజులు, అంతకు మించి బాధ ఉంటోందా? అది వరసగా నాలుగు వారాలు సాగుతోందా? రెండింటికీ అవునంటే దాన్ని విడవని అలర్జీగా లెక్కిస్తారు. నిద్ర చెడుతోందా, చదువుకు, ఆటకు అడ్డం వస్తోందా అన్నది మూడో ప్రశ్న. చికిత్స ఏ స్థాయిలో ఉండాలో వైద్యులు వీటిని బట్టే నిర్ణయిస్తారు. ‘ఎప్పుడూ ఇంతేనండీ’ అనే మాట కంటే ఆ పుస్తకం ఎంతో నయం.

మూడో మెట్టు: మన ఊళ్ల అలర్జీ పంచాంగం రాసుకోండి

చలి దేశాల్లో చాలా చెట్లు వసంతంలో ఒక్కసారిగా పూస్తాయి, అక్కడి వాళ్ల ‘సీజన్’ అది. మన కృష్ణాతీరంలో అలా కాదు. ఏదో ఒకటి ఏడాది పొడవునా వంతులు వేసుకుని వస్తుంది.

సంక్రాంతి నుంచి మొదలుపెడతాను. ధనుర్మాసపు తెల్లవారుజామున మంచు కింద పొగ, దుమ్ము నేలకు అంటిపెట్టుకుని ఉంటాయి. చల్లని గాలి పైకి లేవదు కాబట్టి ఎండ వచ్చేదాకా అవి కదలవు. కోత మిషన్లు వచ్చాక డెల్టా పొలాల్లో చాలాచోట్ల గడ్డిని అక్కడే తగలబెడుతున్నారు. ఆ పైన భోగి మంటలు. వీటన్నిటికంటే మా ఇంట్లో పెద్ద దెబ్బ పండుగకు ముందు బూజు దులపడం. ఏడాదిగా అటక మీద పేరుకున్నదంతా ఒక్క పూటలో గాలిలోకి లేస్తుంది. ఆ రోజు పిల్లవాణ్ని పొద్దున్నే చుట్టాలింటికి పంపి, రాత్రికి గానీ తీసుకురావడం లేదు.

ఫిబ్రవరి నుంచి గుంటూరులో మిర్చి కాలం ముమ్మరం. కల్లాల్లో ఎండిన కాయ టిక్కీలకు, అంటే గోనె బస్తాలకెక్కి మార్కెట్ యార్డుకు చేరుతుంది. ఆ దారుల్లో వెళ్తే పెద్దవాళ్లకే ముక్కులు మండుతాయి. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. మిరప ఘాటు సాధారణంగా అలర్జీ కాదు, అది నేరుగా ముక్కులోని నరాల కొసల్ని మండించే పదార్థం. అందుకే అలర్జీ మాత్ర దాని మీద పనిచేయదు. అయితే అలర్జీతో అప్పటికే వాచి ఉన్న ముక్కుకు ఆ ఘాటు పుండు మీద కారమే. యార్డులోనో, కోల్డ్ స్టోరేజీలోనో, పత్తి జిన్నింగ్ మిల్లులోనో పనిచేసే తండ్రి ఇంటికి రాగానే బిడ్డ ఎదురొచ్చి మెడకు చుట్టుకుంటుంది. ఆ ముద్దు కాస్త ఆగాలి. ముందు స్నానం, ఉతికిన బట్టలు, పనిబట్టలు గుమ్మం బయట విడిగా ఒక బకెట్‌లో. ఖర్చు లేని ఈ ఒక్క మార్పు ఎన్నో ఇళ్లకు పనికొస్తుంది.

వేసవిలో పొడి దుమ్ము, కూలర్లు, ఏసీలు. వాటి సంగతి తర్వాతి మెట్టులో చెబుతాను.

తొలకరి పడ్డాక అసలు కథ. జూన్ మధ్యలో బళ్లు తెరుస్తారు, దాంతో జలుబు వైరస్‌లు ఇంటికొస్తాయి. గాలిలో తేమ పెరిగి గోడలకు బూజు పడుతుంది, పరుపుల్లో డస్ట్ మైట్లు (దుమ్ములో బతికే సూక్ష్మమైన పురుగులు) పెరుగుతాయి. ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన, కాలువ గట్ల మీద వయ్యారిభామ తెల్లని పూలతో నిండిపోతుంది. 1950లలో దిగుమతి గోధుమలతో వచ్చిందని చెప్పుకునే ఈ కలుపు మొక్కనే కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. దీని పుప్పొడి ముక్కుకు, ఆకు చర్మానికి పడదు. మీ వీధిలో ఉంటే పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేళ్లతో సహా పీకించండి. పూశాక కదిపితే పుప్పొడిని మనమే చల్లినట్టవుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు, నీరు తీసిన చాలా రోజుల తర్వాత కూడా గోడల్లో చెమ్మ ఆరలేదు. అలాంటి ఇళ్లలో పిల్లల దగ్గు ఆగకపోతే మంచం వెనక, బీరువా వెనక గోడను ఒకసారి చూడాలి. నల్లగా చుక్కలు చుక్కలుగా ఉంటే అదే బూజు. దాని మీద సున్నం కొడితే సరిపోదు. నీరు ఎక్కడి నుంచి చెమ్మగిల్లుతోందో ఆ దారి మూయాలి, గోడ ఆరాలి, గీకి కడగాలి, ఆ తర్వాతే రంగు.

దీపావళి పొగ గురించి వేరే చెప్పనక్కరలేదు.

పూల గురించి ఒక మాట. ఉబ్బసం పిల్లలున్న ఇళ్లలో బంతి మొక్కలు, కాగితం పూల తీగలు నరికించడం చూశాను. పాపం, అవి నిర్దోషులు. రంగు, వాసన ఉన్న పూలకు పుప్పొడి బరువుగా, జిగురుగా ఉంటుంది, పురుగులే మోసుకుపోతాయి. గాలికి ఎగిరేది కంటికి ఆనని పూల పుప్పొడి: గడ్డి జాతులు, సరుగుడు, ఆముదం, తోటకూర జాతి కలుపు.

విజయవాడ, గుంటూరు రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న నగరాలే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్‌లో గాలి నాణ్యత సూచీ చూడవచ్చు. అది బాగా పెరిగిన రోజున పిల్లల ఆటను తెల్లవారుజాము నుంచి ఎండ కాసిన వేళకు మార్చండి, ఆట మాన్పించకండి.

నాలుగో మెట్టు: పడక గదిని బాగుచేయండి

డబ్బు, ఓపిక పరిమితంగా ఉంటే రెండూ ఈ ఒక్క గదికే ఖర్చు పెట్టండి. పిల్లలు రోజులో మూడో వంతుకు పైగా ఉండేది అక్కడే. మన దేశంలో ముక్కు అలర్జీకి ప్రధాన కారణాల్లో డస్ట్ మైట్లు ముందు వరసలో ఉంటాయి. కంటికి కనిపించని ఈ ప్రాణులు మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. పాతిక డిగ్రీల వేడి, డెబ్బై శాతానికి పైబడిన తేమ వాటికి పండుగ. మన కోస్తా వాతావరణం అచ్చంగా అదే.

ముందు పరుపు, దిండు. ఏళ్ల తరబడి వాడిన బూరుగు దూది దిండును మార్చేయండి. పరుపుకు, దిండుకు జిప్ ఉన్న దట్టమైన తొడుగు వేస్తే లోపలివి లోపలే ఉంటాయి. దుప్పట్లు, దిండు గలీబులు, అమ్మమ్మ కుట్టిన పాత చీరల బొంత వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో నానబెట్టి ఉతకాలి. చెయ్యి పెట్టలేనంత వేడి అన్నమాట. చన్నీళ్లలో ఉతికితే మైట్లు చావవు.

మనకున్న వరం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ డాబా మీద పరుపు మూడు నాలుగు గంటలు అటూ ఇటూ తిప్పి ఎండేస్తే తేమ ఆవిరై మైట్లు చాలావరకు నశిస్తాయి. అక్కడితో పని అయిపోలేదు. చచ్చిన మైట్ల పొట్టు, వాటి విసర్జన కూడా అలర్జీ తెప్పిస్తాయి. కాబట్టి డాబా మీదే ముక్కుకు గుడ్డ కట్టుకుని పెద్దవాళ్లు పరుపును బాగా దులిపి, ఆ తర్వాతే కిందకి దించాలి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

పొడి చీపురుతో ఊడవడం దుమ్మును ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎగరేయడమే. తడిగుడ్డ వాడండి. అదీ పిల్లలు బడికి వెళ్లాక. గది తుడిచాక కనీసం గంటసేపు పిల్లల్ని లోపలికి రానివ్వకండి. ఫ్యాను రెక్కల మీది దుమ్ము చాలా ఇళ్లలో మరచిపోతారు. దానికి మా అత్తగారు చూపిన పద్ధతి చెబుతాను: పాత దిండు గలీబును రెక్కకు సంచీలా తొడిగి, రెండు చేతులతో పైనుంచి నొక్కి పట్టుకుని, మెల్లగా కొస వైపు లాగాలి. దుమ్మంతా సంచీలోనే పడుతుంది, మంచం మీద ఒక్క రేణువు రాలదు. పదిహేను రోజులకోసారి మూడు రెక్కలకు మూడు నిమిషాలు.

కూలర్ విషయంలో నా అభిప్రాయం గట్టిది. పరుపులోని మైట్లకు, బూజుకు బాధపడే పిల్లల గదిలో కూలర్ వద్దు. అది గది తేమను పెంచుతుంది, నిల్వ నీళ్లలో, గడ్డి తడకల్లో బూజు పడుతుంది. తప్పనిసరైతే నీళ్లు రోజూ పారబోయండి, తడకలు ప్రతి వేసవికీ కొత్తవి వేయించండి, కిటికీ తెరిచి ఉంచండి. ఏసీ ఉంటే దాని జల్లెడను రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి ఆరబెట్టండి. అది మీరే చేసుకోవచ్చు, మెకానిక్ కోసం ఎదురు చూడకండి.

బొచ్చు బొమ్మలు పిల్లల ప్రాణం. పారేయనక్కరలేదు. బొమ్మను ప్లాస్టిక్ సంచీలో కట్టి ఒక పగలూ ఒక రాత్రీ ఫ్రిజ్‌లోని ఐస్ అరలో ఉంచి, తీశాక ఉతికి ఎండేయండి. మా వాడి ఎలుగుబంటి నెలకోసారి ‘మంచుకొండకు’ వెళ్లి వస్తుంది. వంటింట్లో బొద్దింకలను కూడా వదలకండి. వాటి విసర్జన, రాలిన పొట్టు కూడా బలమైన అలర్జీ కారకాలే.

అయిదో మెట్టు: ఇంట్లో పొగ ఆపండి

స్నానం చేయించిన చంటిబిడ్డకు సాంబ్రాణి ధూపం వేయడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. అది పెద్దవాళ్ల మీద కోపంతో మాన్పించే విషయం కాదు. మా అమ్మకు నేను చెప్పిన మాట ఒక్కటే: ‘తల ఆరడానికి మెత్తని తువ్వాలు చాలమ్మా, ఈ పొగ వాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తోంది.’ మా అమ్మ విన్నది. అగరుబత్తి కూడా పూజగదిలో తలుపు వేసి, కిటికీ తెరిచి, ఒకటే వెలిగిస్తోంది.

దోమల కాయిల్ ఇంకా చెడ్డది. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే అతి సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. మూసిన గదిలో పిల్లల పక్కన రాత్రంతా దాన్ని వెలిగించడం వద్దు. దోమతెర కట్టండి. తెరను కూడా దుప్పట్లతో పాటు ఉతకండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్, చుట్ట కాలుస్తుంటే బాల్కనీకి వెళ్లినా సరిపోదు. బట్టలకు, జుట్టుకు అంటిన పొగ మళ్లీ లోపలికే వస్తుంది.

ఆరో మెట్టు: ఉప్పునీటితో ముక్కు కడగడం

మందు కాదు, పెద్దగా దుష్ఫలితం లేదు, చవక. ముక్కులో చేరిన పుప్పొడిని, దుమ్మును కడిగేస్తుంది. చిన్నపిల్లలకు మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు ఒక్కో రంధ్రంలో రెండు మూడు వేస్తే చాలు. బడి ఈడు పిల్లలకు సెలైన్ స్ప్రే. ఎనిమిది పదేళ్లు దాటి, చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లలైతే సీసాతో కడుక్కోవడం నేర్పవచ్చు.

ఇంట్లో చేసుకుంటే 300 మిల్లీలీటర్ల నీటికి అర టీ చెంచా ఉప్పు. నీటిని తెర్లేలా మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి వాడాలి. కుళాయి నీరు, బోరు నీరు నేరుగా ముక్కులో పోయవద్దు. మెదడుకు ప్రాణాంతకమైన అమీబా ముక్కు దారినే లోపలికి వెళ్తుంది. పిల్లవాడు సింకు మీదికి వంగి, నోటితో గాలి పీలుస్తూ ఉండాలి. పై రంధ్రంలో పోస్తే కింది రంధ్రం నుంచి కారుతుంది. వాడిన సీసాను కడిగి బోర్లించి ఆరబెట్టండి, మిగిలిన నీటిని పారబోయండి.

ఆవిరి పట్టడం మాత్రం పిల్లలకు వద్దు. మరిగే నీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి కాలిన పిల్లలు ఎందరో. దక్కే లాభం కంటే ఆ ప్రమాదం చాలా పెద్దది.

ఏడో మెట్టు: మందులు, వాటి వరస

అప్పుడప్పుడూ వచ్చే తుమ్ములకు, దురదకు సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ కోవకు చెందిన మందులు ఇస్తారు. మోతాదు వయసును, బరువును బట్టి ఉంటుంది. పక్కింటి పిల్లవాడి సీసా మనకు పనికిరాదు. పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్ మత్తు ఎక్కువ తెప్పిస్తుంది, తరగతిలో పిల్లలు కునుకుతారు. జలుబు సిరప్ కొనేటప్పుడు సీసా మీది పేర్లు చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసి ఉన్న మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

నాలుగు వారాలకు మించి విడవకుండా ఉండే అలర్జీకి, ముక్కు దిబ్బడకు బాగా పనిచేసేది ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. ‘స్టెరాయిడ్’ మాట వినగానే నేను కూడా భయపడి మూడు నెలలు సీసాను బీరువాలో దాచాను. ఆ మూడు నెలలూ మా వాడు నోరు తెరుచుకునే నిద్రపోయాడు. మొమెటసోన్, ఫ్లుటికసోన్ వంటివి ముక్కు పొర మీదే పనిచేస్తాయి, రక్తంలోకి చేరేది అత్యల్పం. అయినా వైద్యులు చెప్పిన వయసుకు, చెప్పిన మోతాదుకే వాడాలి, ఆరు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసుకోవాలి. మా తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలే మా కొలత పుస్తకం.

స్ప్రే పని చేయలేదని చాలామంది ఆపేస్తారు. కారణాలు సాధారణంగా రెండే. ఒకటి, అది మాత్రలా గంటలో పని చూపదు. పూర్తి ఫలితానికి రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. రెండు, కొట్టే పద్ధతి తప్పు. సరైన పద్ధతి ఇలా ఉంటుంది.

ముందు సెలైన్‌తో ముక్కు శుభ్రం చేసి పది నిమిషాలు ఆగండి. సీసాను బాగా ఊపండి. కొత్తదైతే సన్నని తుంపర వచ్చేదాకా గాలిలోకి కొట్టండి. పిల్లవాడు తల వెనక్కి వాల్చకూడదు, తన కాలివేళ్లు తను చూసుకుంటున్నట్టు కాస్త ముందుకు వంచాలి. ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి, కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి వాడండి. అలా చేస్తే మొన దానంతట అదే బయటి వైపుకు, అదే వైపు చెవి దిక్కుకు తిరుగుతుంది. మధ్య దూలానికి గురిపెడితే మందు వృథా, పైగా ముక్కు నుంచి రక్తం వస్తుంది. నొక్కినప్పుడు పువ్వు వాసన చూసినంత మెల్లగా గాలి పీల్చాలి. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది, చేదు తగిలిందంటే అదే తప్పు జరిగింది. తర్వాత పదిహేను నిమిషాలు ముక్కు చీదకూడదు. పళ్లు తోమే వేళకు దీన్ని ముడిపెడితే మరపు ఉండదు.

మీ నోటుపుస్తకంలో ఫలానా నెలలో బాధ పెరుగుతుందని తేలితే, ఆ నెలకు రెండు వారాల ముందే స్ప్రే మొదలుపెట్టే విషయం వైద్యులను అడగండి. దారి కాయడమంటే ఇదే.

ముక్కు దిబ్బడను చిటికెలో విప్పే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు వేరే జాతి. ఇవి మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు దాటితే దిబ్బడను తిరగబెట్టి అలవాటు చేస్తాయి. చిన్నపిల్లలకు వైద్యుల మాట లేకుండా అసలే వద్దు.

మాంటెలుకాస్ట్ కలిసిన మాత్రలు మన దగ్గర విరివిగా రాస్తారు. దీనివల్ల కొందరు పిల్లల్లో పీడకలలు, చిరాకు, దిగులు వంటి మానసిక మార్పులు రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2020 మార్చిలో తీవ్రమైన హెచ్చరిక జారీచేసింది. కేవలం ముక్కు అలర్జీకైతే వేరే మందులు పనిచేయనప్పుడే వాడమంది. మీ పిల్లలు వాడుతుంటే నిద్రను, ప్రవర్తనను గమనించండి. తేడా కనిపిస్తే వెంటనే వైద్యులకు చెప్పండి. ఉబ్బసానికి ఇస్తున్న దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు.

కళ్లు నలుపుకుంటుంటే

మన ఎండ దేశంలో అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో, ఎక్కువగా మగపిల్లల్లో, వేసవికి కళ్లు ఎర్రబడి, తీగలా సాగే పుసి కట్టి, వెలుతురు చూడలేకపోయే ఒక అలర్జీ వస్తుంది. మామూలు దురద కాదది. ఏళ్ల తరబడి నలిపితే నల్లగుడ్డు పలచబడి ముందుకు సాగి, చూపు దెబ్బతింటుంది. శుభ్రమైన గుడ్డను చన్నీళ్లలో ముంచి కళ్ల మీద వేయండి, బయటికి వెళ్తే టోపీ, కళ్లద్దాలు పెట్టండి, వారంలో తగ్గకపోతే కంటి వైద్యులకు చూపించండి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కంటి చుక్కలు మొదటి రోజే హాయినిస్తాయి, నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెంచి చూపునే హరిస్తాయి. పాత చీటీ చూపించి ఆ చుక్కలు మళ్లీ కొనకండి.

పిల్లికూతలు వినిపిస్తే

ముక్కు, ఊపిరితిత్తులు ఒకే దారికి రెండు కొసలు. ముక్కు అలర్జీ ఉన్న పిల్లల్లో కొందరికి ఉబ్బసం కూడా ఉంటుంది. రాత్రి రెండు, మూడు గంటలకు దగ్గు, పరుగెత్తాక దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, ఇవి నెలకు రెండు మూడు సార్లు కనిపించినా వైద్యులకు చెప్పాలి. ఇన్‌హేలర్ రాస్తే స్పేసర్ గొట్టంతోనే వాడండి. ‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది’ అనేది భయం మాత్రమే, నిజం కాదు. మృగశిర కార్తె చేపమందు మీద నమ్మకం ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. దాన్ని నమ్మి ఇన్‌హేలర్ ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి లాక్కుపోవడం, వాక్యం పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలిబారడం, మగతగా ఉండటం, పెదవులూ నాలుకా ఉబ్బడం: వీటిలో ఏది కనిపించినా ఆలోచన వద్దు. ఆయాసాన్ని వెంటనే తగ్గించే ఇన్‌హేలర్ దగ్గర ఉంటే ఇస్తూనే 108కి ఫోను చేయండి.

పరీక్షలు, టీకాల చికిత్స

అందరికీ పరీక్షలు అక్కరలేదు. మందులతో అదుపు కానప్పుడు, కారణం తేలనప్పుడు చర్మం మీద చుక్కలు వేసి గుచ్చి చూసే పరీక్ష గానీ, రక్తంలో ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకం) పరీక్ష గానీ చేస్తారు. చర్మ పరీక్షకు వెళ్లే ముందు వారం రోజులపాటు సెట్రిజిన్ వంటివి ఆపాల్సి ఉంటుంది, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. వంద పదార్థాల పట్టికతో వచ్చే ఆహార ‘ఐజీజీ’ (ఇది వేరే రకం ప్రతిరక్షకం) రక్తపరీక్షకు డబ్బు తగలేయకండి. అది అలర్జీని చెప్పదు. ఆ కాగితం చూసి పెరుగు, అరటిపండు, జామకాయ, గుడ్డు అన్నీ మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు. పిల్లలు చిక్కిపోయారు, తుమ్ములు మాత్రం పోలేదు. తిన్న గంట రెండు గంటల్లో దద్దుర్లు, వాపు, వాంతి వంటివి వస్తేనే ఆ పదార్థాన్ని అనుమానించాలి.

కారణం కచ్చితంగా తేలి, మందులు చాలని పిల్లలకు, సాధారణంగా అయిదేళ్లు దాటాక, అదే పదార్థాన్ని కొద్ది కొద్దిగా ఇంజెక్షన్‌గానో నాలుక కింద చుక్కలుగానో ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స ఉంది. మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. ఇంజెక్షన్ తర్వాత అరగంట ఆసుపత్రిలోనే కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టని చోటికి వెళ్లకండి.

బడికి ఒక ఉత్తరం

మా వాడు మూడో తరగతిలో బోర్డు పక్కన మొదటి బెంచీలో కూర్చునేవాడు. సుద్ద డస్టరు దులిపిన ప్రతిసారీ తుమ్ములు. క్లాసులో నవ్వులు. నేను టీచరుగారికి అరపేజీ ఉత్తరం రాశాను: వీడికి అలర్జీ ఉంది, ఇది అంటుకునేది కాదు, దయచేసి కిటికీ పక్కన కూర్చోబెట్టండి, డస్టరు దులిపే పని, గది ఊడ్చే పని వీడికి ఇవ్వకండి, పిల్లికూతలు వస్తే సంచీ ముందు జేబులో నీలం ఇన్‌హేలర్ ఉంది, ఎలా ఇవ్వాలో వెనక బొమ్మ గీశాను, ఇది నా ఫోను నంబరు. ఆవిడ ఆ కాగితాన్ని హాజరు పట్టీలో అతికించుకున్నారు. మరుసటి వారం డస్టరును తడిపి తుడవడం మొదలుపెట్టారు. ఏటా జూన్‌లో, పుస్తకాలకు అట్టలు వేసే రోజునే, ఆ ఉత్తరాన్ని కొత్త టీచరుకు మళ్లీ రాస్తున్నాను.